బ్రిటిష్ సీరియళ్లు: మీ పనికి దగ్గరగా ఉన్నదాన్నే ముందు పట్టుకోండి

పోయిన నెల ఈ పేజీలో బ్రిటన్ టీవీ సీరియళ్ల గురించి నాలుగు మాటలు రాసి, ఏది చూడాలో తేలకపోతే అడగండి అన్నాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి కొన్నిటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: కలెక్టరాఫీసులో 32 ఏళ్లు చేసి పోయినేడు రిటైరయ్యాను. మావాడు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు టీవీకి ఓటీటీలన్నీ పెట్టించి వెళ్లాడు. ఇంగ్లీషు చదివితే బాగానే అర్థమవుతుంది గానీ ఆ దొరల యాస చెవికి ఎక్కదు. ఏదో మర్డర్ సీరియల్ పెట్టి పది నిమిషాలకే ఆపేశాను. దేంతో మొదలుపెట్టమంటారు?
— ఒంగోలు పాఠకుడు

జవాబు: మీకు ‘యెస్ మినిస్టర్’. ఇంకో ఆలోచన వద్దు. చాలామంది టాప్ టెన్ లిస్టు చూసి మొదటిది పెడతారు, ఆ ఊరు తెలీదు, ఆ మనుషులు ఏం పని చేస్తారో తెలీదు, పైగా యాస ఒకటి, ఇంక విసుగొచ్చి కట్టేస్తారు. ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, మీరు బతుకంతా ఏ పని చేశారో ఆ పని మీద వచ్చిన సీరియల్ ముందు చూడండి, మాట సగం అందకపోయినా సంగతి అందుతుంది.

1980లో బీబీసీలో మొదలైంది ఇది. జిమ్ హ్యాకర్ అని కొత్తగా వచ్చిన మంత్రి, ఆ శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీ, ఇద్దరి మధ్యా నలిగిపోయే ప్రైవేట్ సెక్రటరీ బెర్నార్డ్. మంత్రి ఏదో చేద్దామంటాడు. హంఫ్రీ ఎదురు చెప్పడు, అలాగేనండీ అంటూనే ఆ ఫైలు కదలకుండా చూస్తాడు. ఒక ఎపిసోడ్‌లో కొత్తగా కట్టిన ఆసుపత్రి ఉంటుంది. 500 మంది సిబ్బంది, అందరూ ఆఫీసు పనులూ పై పనులూ చేసేవాళ్లే, రోజూ డ్యూటీకి వస్తారు, ఊపిరాడనంత పని అంటారు. డాక్టర్లు లేరు, నర్సులు లేరు, రోగి ఒక్కడూ లేడు. మంత్రి ఆ ఖాళీ వార్డుల్లో నడుస్తుంటే పక్కన అధికారిణి, దేశంలో బాగా నడిచే ఆసుపత్రుల్లో ఇదొకటండీ, శుభ్రత బహుమతికి కూడా పోటీలో ఉన్నాం అని చెబుతుంది. ఆవిడ మనస్ఫూర్తిగా నమ్మి చెబుతుంది, అదే ఆ సీనుకు ప్రాణం. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో కూర్చుని వచ్చినవాళ్లకు దాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, నామోషీ ఏమీ లేదు. హంఫ్రీ ఒక్కోసారి ఊపిరి తీసుకోకుండా అరపేజీ వాక్యం అప్పజెబుతాడు, అది అర్థం కాకపోతే కంగారు పడకండి, అర్థం కాకూడదనే చెబుతాడు, మంత్రికీ అర్థం కాదు. ఆ వేషం వేసిన నైజెల్ హాథార్న్ ముఖం ఆ సమయంలో చూడండి. ఇది అయిపోయాక ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’ ఉంది, 1986 నుంచి 88 దాకా వచ్చింది. 2001లో మనవాళ్లు హిందీలో ఫరూఖ్ షేక్‌తో ‘జీ మంత్రీజీ’గా తీశారు గానీ మీరు ముందు అసలుదే చూడండి.

ప్రశ్న: మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. మామయ్యకు కొంచెం వచ్చు. పిల్లలిద్దరు. మాది ట్రంకు రోడ్డులో చిన్న లాడ్జి, రాత్రి అందరం ఒక్కచోట చేరేది భోజనాలప్పుడే. అందరూ నవ్వుకునేది ఏదన్నా చెప్పండి. మిస్టర్ బీన్ ఇప్పటికే అరగదీశాం.
— నెల్లూరు పాఠకురాలు

జవాబు: లాడ్జి నడుపుతూ ‘ఫాల్టీ టవర్స్’ చూడకపోతే ఎలాగమ్మా! టార్కీ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో ఒక హోటలు, దాని యజమాని బేసిల్, అతని భార్య సిబిల్, ఇంగ్లీషు సరిగా రాని సర్వర్ మాన్యుయెల్. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం 12 ఎపిసోడ్లే. బేసిల్ వేషం వేసి, కొనీ బూత్‌తో కలిసి రాసిన జాన్ క్లీజ్ నిజంగా ఆ ఊళ్లో ఒక హోటల్లో దిగి, అక్కడి యజమాని దురుసుతనం చూశాకే ఈ పాత్ర పుట్టింది. మీ అత్తగారి కోసం ‘గూర్మే నైట్’ అనే ఎపిసోడ్ పెట్టండి. ఊళ్లో పెద్దమనుషుల్ని విందుకు పిలుస్తాడు, వంటవాడు తాగి పడిపోతాడు, వేరే హోటల్నుంచి బాతు కూర తెద్దామని బయల్దేరితే నడిరోడ్డు మీద కారు ఆగిపోతుంది. కారును తిడతాడు, ఆఖరి అవకాశం ఇస్తున్నానని బెదిరిస్తాడు, చివరికి వెళ్లి ఒక చెట్టు కొమ్మ పట్టుకొచ్చి కారును బాదుతాడు. దీనికి భాష ఎందుకు? రాత్రి పదకొండుకి మంచినీళ్లు రావడం లేదని గదుల్లోంచి ఫోన్లు మోగే ఇంట్లో ఆ కోపం ఎక్కడిదో అందరికీ తెలుసు.

తర్వాత ‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’లో 1982 నాటి ‘ఎ టచ్ ఆఫ్ గ్లాస్’ ఎపిసోడ్ వెతకండి. అన్నదమ్ములిద్దరు పెద్ద బంగళాలో గాజు దీపాల గుత్తి కింద నిచ్చెనలెక్కి దుప్పటి పట్టుకుని నిలబడతారు, తాత పై అంతస్తులో మర విప్పుతుంటాడు. మిగతాది చెప్పను, పిల్లలు చూస్తున్నప్పుడు వాళ్ల ముఖాలు చూడండి. మామయ్యకు మాత్రం ‘కీపింగ్ అప్ అపియరెన్సెస్’: ఇంటిపేరు బకెట్ అయితే దాన్ని ‘బూకే’ అని పలకాలని ఊరందరినీ ఒత్తిడి చేసే ఇల్లాలి కథ.

ప్రశ్న: మా నాయన పల్లెలో బ్రాంచి పోస్ట్‌మాస్టరుగా చేసేవాడు. నాకు కామెడీ వద్దు. మనసుకు పట్టేది, నాలుగు రోజుల్లో అయిపోయేది చెప్పండి.
— సింగరాయకొండ పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం చదవగానే నాకు తట్టింది ‘మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్ట్ ఆఫీస్’. నాలుగే ఎపిసోడ్లు, 2024 జనవరిలో ఐటీవీ అనే అక్కడి చానెల్‌లో వచ్చింది, జరిగిన కథ. అక్కడ పల్లెల్లో పోస్టాఫీసు అంటే చాలాచోట్ల కొట్లో ఒక మూల కౌంటరు. వాళ్లందరికీ హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ ఇచ్చారు. సాయంత్రం లెక్క చూస్తే డబ్బు తక్కువ చూపించేది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది. కానీ ఆ తేడా మీరే కట్టాలన్నారు, కట్టలేనివాళ్లను దొంగలన్నారు. 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి, కొందరు జైలుకు పోయారు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వచ్చింది అనేవాళ్లు.

మొదటి ఎపిసోడ్‌లో జో అనే ఆవిడ కొట్టు కట్టేసి, ఒక్కతే కంప్యూటర్ ముందు కూర్చుని ఫోన్ చేస్తుంది. 2 వేల పౌండ్లు తక్కువ. అవతలివాళ్లు ఏది నొక్కమంటే అది నొక్కుతుంది. ఆమె చూస్తుండగానే ఆ అంకె రెట్టింపవుతుంది. గొంతు పెగలదు ఆమెకి. మీ నాయన ఆర్డీ డబ్బులు ముందేసుకుని వేలు తడుపుకుంటూ రెండోసారి, మూడోసారి లెక్కపెట్టడం మీరు చూసే ఉంటారు, పది రూపాయలు తేడా వస్తే చేతి డబ్బు వేసి సర్దే మనుషులు వాళ్లు, అలాంటివాళ్లను దొంగ అంటే ఏమైపోతారో ఈ సీరియల్ చూపించినట్టు నేను ఇంకెక్కడా చూడలేదు. జో కోర్టుకు వెళ్లిన రోజు ఆమె ఊరివాళ్లు హాలు నిండా వచ్చి కూర్చుంటారు. అక్కడ నేను ఆపేసి కాసేపు వరండాలో కూర్చున్నాను.

ఈ పోస్ట్‌మాస్టర్లందరినీ కూడగట్టిన మనిషి అలన్ బేట్స్, ఆ వేషం టోబీ జోన్స్ వేశాడు; అరవడు, ఏడవడు, కాగితాలన్నీ దాచుకుంటాడు, వదిలిపెట్టడు. 555 మంది కలిసి వేసిన కేసులో 2019లోనే హైకోర్టు ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని తేల్చింది. అయినా దేశం మొత్తం కదిలింది ఈ నాలుగు రాత్రుల తర్వాతే. 2024 మే నెలలో పార్లమెంటు ఏకంగా చట్టం చేసి ఆ శిక్షలు కొట్టేసింది. మీ నాయన ఉంటే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆపి ఆపి తెలుగులో చెబుతూ చూడండి.

ప్రశ్న: ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ గురించి ఒక్క ముక్క రాయలేదేం? మా కాలేజీ రోజుల్లో క్యాసెట్ తెచ్చుకుని చూసేవాళ్లం.
— కోవూరు పాఠకుడు

జవాబు: నేనూ చూశాను, నవ్వాను. 1977లో మొదలైంది, రకరకాల దేశాలవాళ్లు లండన్‌లో ఇంగ్లీషు నేర్చుకునే తరగతి కథ. ఇప్పుడు చూస్తే మాత్రం ప్రతి దేశం మనిషికీ ఒకే ఒక్క గుణం అంటగట్టి, వచ్చీరాని ఇంగ్లీషు మీదే నవ్వించారని తెలుస్తోంది, అందుకే కొత్తవాళ్లకు ముందుగా చెప్పబుద్ధి కాదు. దాని బదులు 1998లో అక్కడి మనవాళ్లే చేసిన ‘గుడ్‌నెస్ గ్రేషస్ మీ’ చూడండి. అందులో బొంబాయి కుర్రాళ్లు రాత్రి తాగి ఇంగ్లీషు హోటలుకు వెళ్లి, మీ దగ్గర అన్నిటికన్నా చప్పగా ఉండేది ఏదో అది పట్టుకురమ్మంటారు. లండన్‌లో కర్రీ హోటళ్లలో తాగొచ్చిన దొరల చేతిలో మనవాళ్లు పడినదంతా అక్కడ తిరగబడుతుంది.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. ఎంతసేపూ ఫోనే. ‘అడాలసెన్స్’ వాడికి చూపించమని ఎవరో అన్నారు. చూపించొచ్చా?
— కావలి పాఠకురాలు

జవాబు: ముందు మీరూ మీ ఆయనా చూడండి. 13 ఏళ్ల కుర్రాణ్ని తోటి పిల్లను చంపాడని పొద్దున్నే పోలీసులు వచ్చి తీసుకుపోతారు. 2025లో వచ్చింది, నాలుగు ఎపిసోడ్లు, ఒక్కో ఎపిసోడ్ ఎక్కడా కట్ లేకుండా ఒకే షాట్. మూడోది మొత్తం దాదాపు ఒక గదిలో ఆ అబ్బాయి, సైకాలజిస్టు, అంతే. మాటలు గట్టిగా ఉంటాయి, టెన్షన్ కూడా. బ్రిటన్‌లో హైస్కూళ్లలో ఉచితంగా చూపించే ఏర్పాటు చేశారు, కానీ అక్కడ టీచరు పక్కనుంటారు. వాణ్ని ఒంటరిగా వదిలి చూడమనకండి.

ప్రశ్న: షెర్లాక్, బ్రాడ్‌చర్చ్ అయిపోయాయి. ఇంకేవైనా క్రైమ్ చెప్పండన్నా. డిగ్రీ అయ్యాక ఇంటిపట్టునే ఉండి మా నాలుగు ఒంగోలు ఆవుల్ని, గిత్తని చూసుకుంటున్నా.
— టంగుటూరు దగ్గర పల్లె నుంచి

జవాబు: క్రైమ్ అయితే ‘హ్యాపీ వ్యాలీ’. కూతురు పోయి, మనవణ్ని పెంచుకుంటున్న సార్జెంటు కేథరిన్ కథ, సారా లాంకషైర్ చేసింది, మూడు సీజన్లు కలిపి 18 ఎపిసోడ్లు. అది ఎలాగూ చూస్తావు. కానీ తమ్ముడూ, నువ్వు చూడాల్సింది ‘ఆల్ క్రియేచర్స్ గ్రేట్ అండ్ స్మాల్’. 1930ల్లో యార్క్‌షైర్ కొండపల్లెలకు కొత్తగా వచ్చిన కుర్ర పశువుల డాక్టరు కథ, అక్కడ నిజంగా పనిచేసిన ఒక డాక్టరు రాసుకున్న పుస్తకాల మీద తీశారు. 1978లో బీబీసీ ఒకసారి, 2020 నుంచి చానెల్ ఫైవ్ మళ్లీ. నువ్వు కొత్తది పెట్టు. చదువుకుని వచ్చిన డాక్టరును రైతు ముందు నమ్మడు, పశువు చుట్టూ తిరిగి చూస్తూ నీకేం తెలుసన్నట్టు నిలబడతాడు. బండలాగుడు పోటీలకు గిత్తను మేపే మన రైతు దగ్గరికి కొత్త డాక్టరు వెళ్తే అచ్చం ఇంతే కదా. బ్రెజిల్‌లో మన జాతి పశువుల్ని నెలోర్ అని మన నెల్లూరు పేరుతోనే పిలుస్తారు, అంత పేరున్న పశువుల మధ్య ఉన్న నువ్వు ఈ కథను నాకన్నా బాగా చూస్తావు.

ఆవు ఈనలేక ఇబ్బంది పడుతుంటే డాక్టరు చొక్కా విప్పేసి, చేతికి సబ్బు రాసుకుని, కొట్టం గచ్చు మీద పడుకుని, భుజం దాకా చెయ్యి పెట్టి దూడ కాలు కోసం వెతుకుతాడు. దూడ అడ్డం తిరిగినప్పుడు మీ దగ్గర ఎలా సరిచేస్తారో నాకు తెలియదు. ఆ సీను చూసి, అతను పట్టిన పట్టు సరైనదేనా, తాడు అక్కడే కడతారా, ఒక కార్డు ముక్క రాసి పడెయ్.