ఏఐ మీద నమ్మకం లేదు, ఫండ్‌లో డబ్బు తీసేయమంటారా?

ప్రశ్న: ఏఐ కంపెనీలు ఒకదాన్ని చూసి ఒకటి పోటీపడి, సరిగ్గా పరీక్షించకుండానే కొత్త మోడళ్లను జనం మీదికి వదులుతున్నాయని నా అభిప్రాయం. ఈ షేర్ల ధరలు నిలబడవని కూడా భయంగా ఉంది. నా పొదుపులో 50 శాతం అమెరికా ఇండెక్స్ ఫండ్‌లో, 20 శాతం టెక్నాలజీ ఫండ్‌లో, 10 శాతం నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ షేర్లలో, మిగతా 20 శాతం డిపాజిట్లలో ఉంది. రిటైర్మెంట్‌కు ఇంకా పన్నెండేళ్లుంది. అంతా అమ్మి డిపాజిట్లలో వేసుకోమంటారా?

జవాబు: అంతా అమ్మకండి. అలాగని ఇప్పుడున్నది ఉన్నట్టే వదిలేయడమూ మంచిది కాదు. మీ భయం కొట్టిపారేయాల్సినది కాదు, కాకపోతే అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఏఐని ఇంత తొందరగా జనంలోకి వదలడం సబబేనా అన్నది ఒకటి. ఆ షేర్లకు ఈ ధర తగునా అన్నది ఇంకొకటి. మొదటిదాంట్లో మీదే రైటైనా రెండోదాంట్లో నష్టపోవచ్చు.

ఇంటర్నెట్ కంపెనీల షేర్లు ఎగబాకిన డాట్‌కామ్ కాలంలో జరిగింది అదే. మార్కెట్ హద్దు మీరుతోందేమోనని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్ అలన్ గ్రీన్‌స్పాన్ 1996 డిసెంబరులోనే హెచ్చరించారు. టెక్ కంపెనీలు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ అప్పుడు 1,300 దగ్గరుంది. ఆ మాట విని బయటికొచ్చినవాళ్లు చూస్తుండగానే అది 2000 మార్చిలో 5,048కి చేరింది. తర్వాత 2002 అక్టోబరులో 1,114కి పడిపోయింది. హెచ్చరిక నిజమే అయింది, కానీ ఆ మధ్యలో సూచీ దాదాపు నాలుగు రెట్లయింది. ఇంటర్నెట్టేమో అబద్ధం కాలేదు, ఇంటింటికీ వచ్చింది. అయినా సూచీ పాత శిఖరాన్ని మళ్లీ అందుకోవడానికి 2015 దాకా పట్టింది. 78 శాతం పడితే 100 కాస్తా 22 అవుతుంది, ఆ 22 తిరిగి 100 కావాలంటే నాలుగున్నర రెట్లు కావాలి. పన్నెండేళ్లలో రిటైరయ్యేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఎప్పుడు పడుతుందో మన చేతిలో లేదు. పడితే మనకెంత తగులుతుందన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. అందుకే ముందు లెక్క కట్టండి.

రెండు ఫండ్ల తాజా ఫ్యాక్ట్‌షీట్లూ తెరిచి, హోల్డింగ్స్‌లో, అంటే ఫండ్ కొన్న షేర్ల జాబితాలో, చిప్‌ల కంపెనీలు, క్లౌడ్ డేటా సెంటర్లు నడిపేవి, ఆ సెంటర్లకు కరెంటు, కూలింగ్ సామగ్రి అందించేవి గుర్తించండి. వీటన్నిటి వాటా కలిపితే అదే ఆ ఫండ్‌లో ఏఐ వాటా. ఇండెక్స్ ఫండ్ అంటే అన్నిట్లో కొంచెం కొంచెం అని చాలామంది అనుకుంటారు. మార్కెట్ విలువను బట్టి వాటాలిచ్చే సూచీలో కంపెనీ పెరిగేకొద్దీ దాని వాటా కూడా పెరుగుతుంది. అమెరికాలోని 500 పెద్ద కంపెనీల సూచీ ఎస్ అండ్ పీ 500లో మొదటి పది కంపెనీల వాటాయే ఈమధ్య మూడో వంతు దాటింది. మీ టెక్నాలజీ ఫండ్‌లోనూ ఎక్కువగా అవే పేర్లు కనిపిస్తాయి.

మీ ఇండెక్స్ ఫండ్‌లో ఏఐ వాటా 30 శాతం, టెక్ ఫండ్‌లో 70 శాతం అని తేలిందనుకుందాం. 50లో 30 శాతం అంటే 15. 20లో 70 శాతం అంటే 14. మీ కంపెనీ షేర్లు 10. మొత్తం 39. ఇవన్నీ సగానికి పడితే మీ పొదుపులో 19.5 శాతం పోయినట్టే. మీ జీతం కూడా అదే రంగం నుంచి వస్తోంది, పడ్డ ఏడాదే ఉద్యోగం కూడా పోవచ్చు. నన్నడిగితే ఫండ్ల కంటే ముందు చూడాల్సింది ఇదే.

కాబట్టి సొంత కంపెనీ షేర్లను 10 నుంచి 3 శాతానికి, టెక్ ఫండ్‌ను 20 నుంచి 5కి దించండి. ఇండెక్స్ ఫండ్‌ను కదపొద్దు. ఇప్పుడు లెక్క 15, 3.5, 3 కలిపి 21.5. సగానికి పడినా పోయేది 11 శాతం లోపే. చేతికొచ్చిన 22లో 10 డిపాజిట్లకో స్వల్పకాలిక బాండ్లకో పంపండి. మిగతా 12ను ఈక్వల్ వెయిట్ ఇండెక్స్ ఫండ్‌లో పెట్టవచ్చు. ఎస్ అండ్ పీ 500 ఈక్వల్ వెయిట్ అయితే 500 కంపెనీలకూ తలా 0.2 శాతం చొప్పునే ఇస్తారు, మూడు నెలలకోసారి సరిచేస్తారు కాబట్టి ఖర్చు కాస్త ఎక్కువ. అక్కడా కొంత ఏఐ ఉంటుంది గనక లెక్కకు ఒకటో రెండో కలుపుకోండి. వర్ధమాన మార్కెట్ల ఫండ్‌కు వెళ్తే ఏఐని తప్పించుకున్నట్టని మాత్రం అనుకోకండి. వాటిలో చాలావాటికి అతి పెద్ద హోల్డింగ్ తైవాన్ చిప్‌ల కంపెనీ టీఎస్‌ఎంసీయే.

టెక్ ఫండ్‌లో నెలవారీ కట్టేది ఉంటే ఈ నెలే ఆపండి. అమ్మకం నాలుగు విడతల్లో, మూడు నెలలకోసారి, తేదీలు ముందే రాసిపెట్టుకుని చేయండి. ఏ లాట్ (ఒక్కోసారి కొన్న యూనిట్ల మొత్తం) ఎప్పుడు కొన్నారో చూసుకోండి, కొన్ని వారాలు ఆగితే పన్ను తగ్గే లాట్లు ఉండొచ్చు. కంపెనీ షేర్లకు ట్రేడింగ్ విండో, అంటే ఉద్యోగులు వాటిని అమ్ముకోనిచ్చే గడువు, తెరిచే తేదీ హెచ్‌ఆర్‌ను అడగండి. రాసుకున్న తేదీలను వార్తలను బట్టి మార్చొద్దు. 2025 జనవరి 27న చైనా మోడల్ డీప్‌సీక్ దెబ్బకు ఏఐ చిప్‌ల కంపెనీ ఎన్విడియా షేరు ఒక్కరోజులో 17 శాతం పడింది. ఆ రోజు భయపడి అమ్మినవాళ్లు అదే ఏడాది అది కొత్త గరిష్ఠాలకు వెళ్లడం బయటినుంచి చూశారు.

ఏఐ కంపెనీల తొందరకయ్యే ఖర్చు అంకెల్లో కనిపించాలంటే వార్షిక నివేదికలో తరుగుదల నోట్ చదవండి. యంత్రం ఖరీదును అది పనిచేసే ఏళ్లకు పంచి రాయడమే తరుగుదల. 60 కోట్ల రూపాయల విలువైన సర్వర్లు ఆరేళ్లు పనిచేస్తాయని చూపితే ఏటా 10 కోట్లు ఖర్చు రాస్తారు, ఐదేళ్లంటే 12 కోట్లు. అదే యంత్రం, అదే వ్యాపారం, లాభం మాత్రం వేరు. 2025 నుంచి అమెజాన్ ఏఐ వేగాన్ని కారణంగా చూపి కొన్ని సర్వర్ల ఆయుష్షును ఆరేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించింది. ఫేస్‌బుక్ యజమాని మెటా అదే ఏడాది ఐదున్నరేళ్లకు పెంచింది. మీ ఫండ్‌లోని పెద్ద కంపెనీలు ఎటువైపు ఉన్నాయో ఏడాదికోసారి చూడండి చాలు.

ఆ కంపెనీల్లో వాటా ఉండటమే మీ మనస్సాక్షికి సరిపడకపోతే అది వేరే నిర్ణయం. వాటిని మినహాయించిన ఫండ్ ఎంచుకోవచ్చు. కొన్నేళ్లు సూచీ కంటే వెనకబడినా కుదుటగా ఉండగలరేమో ముందే తేల్చుకోండి.

ఏఐతో పెట్టుబడి సలహా అని ఎవరైనా వస్తే మోడల్ సంగతి పక్కనపెట్టి, రిజిస్ట్రేషన్ నంబరు, ఏడాది ఫీజు అడగండి. లేని ఏఐ సామర్థ్యాన్ని ఉన్నట్టు చెప్పుకున్నందుకు 2024 మార్చిలో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ రెండు సలహా సంస్థల నుంచి మొత్తం 4 లక్షల డాలర్ల జరిమానా రాబట్టింది. ముఖం, గొంతు చూసి డబ్బు పంపే రోజులు కూడా పోయాయి. హాంకాంగ్‌లో ఒక ఉద్యోగి వీడియో కాల్‌లో ఏఐతో సృష్టించిన నకిలీ అధికారులను నమ్మి సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశారు. ఎవరు అడిగినా కాల్ పెట్టేసి, మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకు మీరే చేయండి.

చివరిగా, అత్యవసర నిధి. మామూలుగా ఆరు నెలల ఖర్చు చాలంటాం. మీ జీతం ఇదే రంగానిది కాబట్టి పన్నెండు నెలలది ఉంచండి. డిపాజిట్ల వైపు వెళ్లే ఆ 10లోంచి ముందు దీన్ని నింపి, మిగిలితేనే బాండ్ల సంగతి చూడండి.