వీపు మీది మచ్చకు ఈఎంఐ అక్కర్లేదు, ఆలస్యం అసలే వద్దు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, ప్రైవేట్ ఉద్యోగం. వీపు మీద చిన్నప్పటి నుంచీ ఒక పుట్టుమచ్చ ఉంది. ఈమధ్య అది కొంచెం పెద్దదై, ఒక పక్క బాగా నల్లబడిందని మావారు అంటున్నారు. ఇదికాక మెడ చుట్టూ చిన్న చిన్న పులిపిర్లు, బుగ్గల మీద నల్లటి చుక్కలు ఉన్నాయి. ఒక క్లినిక్‌లో అడిగితే అన్నీ కలిపి లేజర్‌తో తీసేస్తామని ప్యాకేజీ చెప్పారు. నెలన్నర జీతం అవుతుంది. 12 నెలల వడ్డీ లేని ఈఎంఐ ఇస్తామన్నారు. ఇంటి లోన్ నడుస్తోంది. అత్యవసరాల కోసం దాచింది రెండు నెలల ఖర్చులకు వస్తుంది. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది. సొంతంగా ఒక హెల్త్ పాలసీ తీసుకుని, కొన్నాళ్లు ఆగి అప్పుడు డాక్టర్‌కి చూపిస్తే ఖర్చు కలిసొస్తుందని మా తమ్ముడి సలహా. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు రాసినవన్నీ ఒకే ఖర్చులా కనిపిస్తున్నా నిజానికి ఇవి రెండు. వీపు మీది మచ్చ ఒకటి, మెడ, బుగ్గల మీదివి ఇంకొకటి. క్లినిక్ వాళ్లు రెండిటినీ ఒక ప్యాకేజీలో కట్టేశారు. మనం ముందు ఆ ముడి విప్పాలి.

వీపు మీది మచ్చను ఈ వారంలోనే స్కిన్ డాక్టర్‌కి చూపించండి. దానికయ్యే ఫీజు మీ అత్యవసర నిధిలోంచి తీయండి. ఆ డబ్బు దాచుకున్నది ఇలాంటి వాటికే. నేను డాక్టర్‌ని కాను, ఆ మచ్చ ఏమిటో నేను చెప్పకూడదు. కానీ డబ్బు లెక్క వేయడానికైనా ఈ విషయం కొంత తెలిసి ఉండాలి కాబట్టి, డాక్టర్లు చెప్పేదే మీకు చెబుతాను. పుట్టుమచ్చలో అనుమానించాల్సిన గుర్తులు అయిదు. రెండు సగాలు ఒకేలా లేకపోవడం, అంచులు వంకరటింకరగా ఉండడం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, 6 మిల్లీమీటర్లకు మించిన వెడల్పు, కాలంతో పాటు మారుతూ ఉండడం. మొదటి నాలుగింటినీ న్యూయార్క్ చర్మవైద్యులు 1985లో చెప్పారు. అయిదోది, అంటే మార్పు, 2004లో చేరింది. మీవారు గమనించింది ఆ అయిదో దాన్నే. వీపు మనకు కనపడదు, ఇంట్లో ఇంకొకరు చూసి చెప్పాలి. ఆయన చెప్పారు, ఇక మీరు కదలాలి.

ఇలా మారిన మచ్చల్లో కూడా చాలావాటిలో ఏమీ ఉండదు. టెన్షన్ పడమని కాదు నేనంటున్నది. ఒకవేళ అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అయితే మాత్రం, మీరు పెట్టాల్సిన డబ్బు దాని లోతును బట్టి ఉంటుంది. ఒక మిల్లీమీటర్ లోపు మందంలో దొరికితే సాధారణంగా మచ్చ చుట్టూ ఒక సెంటీమీటర్ మేర చర్మంతో కలిపి కోసేయడంతో చికిత్స చాలావరకు అయిపోతుంది. అదే లోపలికి దిగి ఇతర భాగాలకు పాకితే స్కాన్‌లు, ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ను ఎదుర్కొనే మందులు), నెలల తరబడి సెలవులు. మొదటిది మీ అత్యవసర నిధి తట్టుకోగల ఖర్చు. రెండోది ఇల్లు కుదేలయ్యే ఖర్చు. డబ్బు సలహాలిచ్చే నా వృత్తిలో ఇంత చిన్న ఫీజుతో ఇంత పెద్ద ఖర్చును తప్పించే అవకాశం అరుదుగా కనిపిస్తుంది.

మన చర్మం నలుపు, మనకు ఇవి రావు అనుకునేవాళ్లు చాలామంది. రావడం తక్కువే, నిజం. కానీ వచ్చినప్పుడు అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద లాంటి ఎవరూ చూడని చోట వచ్చి, ఆలస్యంగా బయటపడుతుంది. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోటి కింద బయటపడింది ఇదే జబ్బు. 1981లో 36 ఏళ్లకే ఆయన పోయారు. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు వీపు ఒక్కటే చూపించి వచ్చేయకండి. కాళ్లూ గోళ్లూ కూడా చూడమనండి. అదే ఫీజులో అయిపోతుంది.

ఇప్పుడు లేజర్ సంగతి. డాక్టర్ చూసి ఇది హానిలేనిదని చెప్పకుండా ఏ పుట్టుమచ్చనూ లేజర్‌తో గానీ కాటరీతో (వేడి పరికరంతో) గానీ కాల్పించుకోకండి. కాలిస్తే ల్యాబ్‌కి పంపడానికి ముక్క మిగలదు. అనుమానం ఉన్న మచ్చను మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కోసి తీసి, పాథాలజీ పరీక్షకు పంపుతారు. కోస్తే జబ్బు పాకుతుందన్న భయం పెట్టుకోకండి, ఇలా ముక్క తీసి పరీక్షించే బయాప్సీ వల్ల పాకదు. ఆ ల్యాబ్ బిల్లు విడిగా వస్తుంది. అక్కడే చాలామంది 'ఇది అవసరమా' అని వెనకాడతారు. మొత్తం ఖర్చులో మీరు ఎక్కడైనా బేరమాడండి, ఆ ఒక్క పరీక్ష దగ్గర మాత్రం వద్దు.

ఇది నాకు బాగా అనుభవం. కొన్నేళ్ల క్రితం నా భుజం మీది మచ్చను తక్కువలో అవుతుందని ఒకచోట కాల్పించుకున్నాను. పరీక్ష ఊసే లేదు. ఏడాది తిరక్కుండా అదే చోట, కాలిన మచ్చ మధ్యలోంచి వంకరగా నల్లటి రంగు మళ్లీ వచ్చింది. సగం తీసిన పుట్టుమచ్చ తిరిగొస్తే మైక్రోస్కోప్ కింద క్యాన్సర్‌లాగే కనిపించొచ్చని, మొదట తీసిన ముక్క రిపోర్టు ఉంటే పోల్చి చూసేవాళ్లమని డాక్టర్ అన్నారు. నా దగ్గర ఏ రిపోర్టూ లేదు. మళ్లీ కోయించుకుని, ఒక ల్యాబ్‌లో చూసింది చాలక ఇంకో ల్యాబ్‌లో కూడా చూపించి, మూడు వారాలు నిద్ర లేకుండా గడిపాను. చివరికి ఏమీ లేదని తేలింది. మొదటిసారి మిగిలిందనుకున్న డబ్బుకు ఎన్నో రెట్లు పోయింది. ఆ మూడు వారాల్లో మా ఇంట్లోవాళ్ల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి.

మీ తమ్ముడి సలహా ప్రేమతో చెప్పిందే, కానీ అది పాటించకండి. మచ్చ మారుతోందని మీకు తెలుసు. కొత్త పాలసీ దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడిగినప్పుడు తెలిసింది దాచితే, రేపు పెద్ద క్లెయిమ్ వచ్చిన రోజున అదే కారణంగా తిరస్కరించవచ్చు. పైగా కొత్త పాలసీల్లో ముందే ఉన్న సమస్యలకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు ఉంటుంది. ఆ గడువు తీరేదాకా మచ్చ ఆగుతుందా? దీన్ని తిరగేసి ఆలోచించండి. ఇప్పుడు పరీక్ష చేయించుకుని ఏమీ లేదని రిపోర్టు వస్తే, దాన్ని దరఖాస్తుకు జతచేసి దాపరికం లేకుండా పాలసీ తీసుకోవచ్చు. సొంత పాలసీ ఉండాలన్న మాట మాత్రం సరైనదే, ఉద్యోగం మారితే ఆఫీసుది పోతుంది. ఒక మాట గుర్తుంచుకోండి. పెద్ద జబ్బు బయటపడితే ఒకేసారి డబ్బిచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీల్లో చాలావాటిలో తొలిదశ చర్మ క్యాన్సర్లకు డబ్బు రాదు. సంతకం పెట్టేముందు మినహాయింపుల పేజీ చదవండి.

మీ ఆఫీసు ఇన్సూరెన్స్ ఈ పనికి వస్తుందా? వీపు మచ్చకు రావచ్చు. అందం కోసం చేయించుకునేవాటికి సాధారణంగా ఏ పాలసీ ఇవ్వదు, వైద్య అవసరమని డాక్టర్ రాస్తే లెక్క వేరు. కొన్ని పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే ఇస్తాయి, కొన్ని డే కేర్ (చికిత్స చేసి ఆ రోజే ఇంటికి పంపేది) కింద ఇస్తాయి, ఔట్ పేషెంట్‌గా చేయించుకుంటే ఏమీ రానివీ ఉన్నాయి. మచ్చ తీయించే ముందే హెచ్‌ఆర్ వాళ్లని గానీ ఇన్సూరెన్స్ హెల్ప్‌లైన్‌ని గానీ అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి. డాక్టర్ చీటీలో మచ్చ ఎక్కడుంది, ఎంత ఉంది, ఏం మారింది, ఎందుకు తీస్తున్నారు అన్నది స్పష్టంగా ఉండాలి. లేనిది రాయించమని కాదు, ఉన్నది వదిలేయకుండా రాయించమని. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజే మెడ మీది పులిపిర్లు కూడా తీయించేసుకుని ఒకే బిల్లు చేయించకండి. అందం ఖర్చు కలిసిన బిల్లును చూసి మొత్తం క్లెయిమ్‌నే పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

ఇన్సూరెన్స్ రాదని చెప్పినా వీపు మచ్చ పని ఆపకండి. ఇంటి లోన్ ఈఎంఐ జోలికి వెళ్లకుండా, ఈ రెండు మూడు నెలలు మీ పొదుపులో కొంత తగ్గించి నిధిని మళ్లీ నింపుకోండి.

ఇక మెడ, బుగ్గలు. డాక్టర్ చూసి హానిలేనివని చెప్పాక, ఇవి మీ ఇష్టానికి సంబంధించిన ఖర్చు. ఇష్టానికి ఖర్చు పెట్టడం తప్పని నేను అనను. అద్దంలో చూసుకున్న ప్రతిసారీ బాధపడుతున్నారంటే దానికీ విలువ ఉంది. నా అభ్యంతరం అప్పు మీదే. వడ్డీ లేని ఈఎంఐ అన్నచోట ప్రాసెసింగ్ ఫీజు ఉందేమో చూడండి, ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి. తగ్గించే మొత్తమే మీరు కట్టబోయే వడ్డీ. ఇల్లు లోన్‌లో ఉండగా, చేతిలో రెండు నెలల ఖర్చే ఉండగా 12 నెలల బాధ్యత నెత్తిన వేసుకోవడం నాకు నచ్చలేదు. నెలకు కొంత పక్కన పెట్టి, ఆరేడు నెలల తర్వాత చేతి డబ్బుతో చేయించుకోండి. మచ్చకు ఇంతా, సిట్టింగ్‌కి ఇంతా అని రేటు ముందే తెలుసుకోండి. ఒకే సిట్టింగ్‌లో ఎక్కువ తీయించుకుంటే తరచుగా తక్కువ పడుతుంది. మళ్లీ వస్తే మళ్లీ డబ్బు తీసుకుంటారా అని కూడా అడగండి, పులిపిర్లు కొత్తవి పుడుతూ ఉంటాయి. బుగ్గల మీదిది మంగు అని డాక్టర్ అంటే అది తీసేస్తే పోయేది కాదు, సన్‌స్క్రీన్ ప్రతి నెలా ఖర్చు. నడిచినంతకాలం నడుస్తుంది, బడ్జెట్‌లో దానికో గడి పెట్టుకోండి. మచ్చలు రాలిపోతాయని ఆన్‌లైన్‌లో అమ్మే క్రీములు మాత్రం కొనకండి. చర్మం కాలి గుంటపడితే దాన్ని సరిచేసే ఖర్చు అసలుకన్నా ఎక్కువ.

వీపు మీది కుట్లు విప్పడానికి సాధారణంగా 10 నుంచి 14 రోజులు పడుతుంది, అప్పటిదాకా బరువులు ఎత్తవద్దంటారు. సెలవులు ఆ ప్రకారం చూసుకోండి. రిపోర్టు వచ్చాక కాగితం ఒకటి, ఫోన్‌లో ఫొటో ఒకటి దాచండి. వీలైతే వెళ్లేముందే మీవారిని ఆ మచ్చ పక్కన స్కేలు పెట్టి ఒక ఫొటో తీయమనండి, డాక్టర్‌కి చూపించడానికి పనికొస్తుంది. రిపోర్టులో ఏమొచ్చిందో నాకు రాయండి, సొంత పాలసీ ఎంత మొత్తానికి తీసుకోవాలో అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం.