టెక్ సందేహాలు: సి వచ్చు, ఆర్డుయినో వచ్చు.. ఎంబెడెడ్‌కి సరిపోతుందా?

ప్రశ్న: కంప్యూటర్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. సి, జావా, పైథాన్ వచ్చు. ఎంబెడెడ్ సిస్టమ్స్‌ (పరికరాల్లో ఇమిడి ఉండే చిన్న కంప్యూటర్లు) వైపు వెళ్లాలని ఉంది. ఇంకో లాంగ్వేజ్ నేర్చుకోవాలా? అలాగే, నిమిషానికోసారి మట్టిలో తేమ కొలిచే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. ఈఎస్‌పీ32 బోర్డులో బాగానే నడుస్తోంది. అదే ఆర్డుయినో ఊనోలో వేస్తే ఒక్కసారి కొలిచి ఆగిపోతోంది. మధ్యలో డిలే(60 * 1000) అని పెట్టాను. బోర్డు పాడైందా?

జవాబు: బోర్డుకేమీ కాలేదు. ముందు దీని సంగతి చూద్దాం, మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

మీ ఊనోలో ఉండే ఏటీమెగా328పీ 8 బిట్ల చిప్. దాని కంపైలర్‌లో ఇంట్ (పూర్ణ సంఖ్యలు దాచే రకం) అంటే 16 బిట్లే. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. మీరు రాసిన 60, 1000 రెండూ ఇంట్‌లే కాబట్టి గుణించగా వచ్చినదీ ఇంట్‌లోనే ఇమడాలి. 60,000 అందులో పట్టక మైనస్ 5,536 అయి కూర్చుంటుంది. డిలే తీసుకునేదేమో అన్‌సైన్డ్ లాంగ్, అందులో మైనస్‌కు చోటు లేదు. అక్కడికి వెళ్లేసరికి అది 429 కోట్లకు పైగా మిల్లీసెకన్లవుతుంది. అంటే దాదాపు 49.7 రోజులు! ఈఎస్‌పీ32లో ఇంట్ 32 బిట్లు కాబట్టి అక్కడ తప్పు బయటపడలేదు. 60 పక్కన యూ, ఎల్ అనే ఇంగ్లిష్ అక్షరాలు చేర్చండి, సరిపోతుంది.

కాబట్టి కొత్త లాంగ్వేజ్ వద్దు. మీకు వచ్చిన సి చాలు, కానీ ఆ సి కింద చిప్ ఏం చేస్తోందో తెలియాలి. కాలేజీలో మనం రాసే ప్రోగ్రామ్‌లకు మెమరీ ఎంత కావాలన్నా దొరుకుతుంది. ఊనోలో ర్యామ్ మొత్తం 2 కేబీ.

మొదట ఆర్డుయినో లైబ్రరీలోని డిజిటల్‌రైట్ ఫంక్షన్ వాడకుండా 13వ పిన్ మీది ఎల్‌ఈడీ వెలిగించండి. చిప్ వివరాలుండే డేటాషీట్ తెరిస్తే అది పోర్ట్ బీలో 5వ బిట్ అని తెలుస్తుంది. ఆ బిట్‌ను నేరుగా మారిస్తే పని 2 క్లాక్ సైకిళ్లలో, అంటే 125 నానోసెకన్లలో అయిపోతుంది. డిజిటల్‌రైట్‌కి కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. ఆ తేడా ఎందుకో లైబ్రరీ కోడ్ చదివి తెలుసుకోండి, చాలా నేర్చుకుంటారు.

తర్వాత ఇంటరప్ట్‌లు, అంటే చిప్ చేస్తున్న పనిని ఆపించి వేరే పని చేయించే సంకేతాలు. బటన్ నొక్కితే ఇంటరప్ట్‌లో ఒక వేరియబుల్ మారాలి, దాని కోసం మెయిన్ లూప్ కాచుకుని ఉండాలి. ఆ వేరియబుల్ ముందు వోలటైల్ అని రాయకపోతే, లూప్‌లో దాన్ని ఎవరూ మార్చడం లేదు కదా అని కంపైలర్ పాత విలువనే పట్టుకుని కూర్చోవచ్చు. ఇంటర్వ్యూల్లో తప్పకుండా అడగదగ్గ ప్రశ్న ఇది.

ఆర్‌టీఓఎస్ (పనులను సమయానికి నడిపించే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్) కోసం కొత్త బోర్డు కొనకండి. ఈఎస్‌పీ32లో మీ ఆర్డుయినో ప్రోగ్రామ్ ఇప్పటికే ఫ్రీఆర్‌టీఓఎస్ మీదే నడుస్తోంది. తేమ కొలవడం ఒక టాస్క్‌గా, డేటా పంపడం ఇంకో టాస్క్‌గా విడదీసి చూడండి.

రెజ్యూమేలో ‘తేమ కొలిచే పరికరం’ అని ఒక్క ముక్కతో సరిపెట్టొద్దు. ఈ 16 బిట్ల సంగతి కూడా రాయండి. ఎంబెడెడ్ పని తెలిసినవాళ్లు ముందుగా దాని గురించే అడుగుతారు.

ప్రశ్న: పైథాన్ ఒక్కటే వచ్చు. మైక్రోకంట్రోలర్లతో పనిచేయొచ్చా?

జవాబు: నిక్షేపంగా. రాస్ప్‌బెర్రీ పై పికోలో మైక్రోపైథాన్ చక్కగా నడుస్తుంది, దానికి 264 కేబీ ర్యామ్ ఉంది. 2 కేబీ ర్యామ్ ఉన్న ఊనోలో మాత్రం కుదరదు.