'జస్టిఫికేటరీ' ఎక్కడ వాడాలి?

సెలవు చీటీలో 'మై ఆబ్సెన్స్ వాజ్ జస్టిఫికేటరీ' అని రాస్తే లెక్చరర్ ఎందుకు కొట్టివేశారని మీరు అడిగారు. కారణం, ఆ ఇంగ్లిష్ విశేషణాన్ని మీరు 'సమర్థించదగిన' అన్న అర్థంలో వాడడమే. ఆ అర్థానికి 'జస్టిఫయబుల్' అనాలి.

1. 'జస్టిఫికేటరీ' అంటే సమర్థించడానికి ఉద్దేశించినది.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: విశేషణం చేసిన పనికి చెందుతుందా, దానికి చూపిన కారణానికి చెందుతుందా అని ముందుగా తేల్చుకోవాలి. కాజీపేటలో రైలు నిలిచిపోయి, హన్మకొండలో పరీక్షకు ఆలస్యంగా చేరి, సంజాయిషీ రాసి ఇచ్చారనుకోండి. ఆ ఆలస్యం 'జస్టిఫయబుల్', ఆ సంజాయిషీ 'జస్టిఫికేటరీ'. అధికారి దాన్ని ఒప్పుకోకపోయినా అది 'జస్టిఫికేటరీ'గానే ఉంటుంది, ఎందుకంటే ఈ మాట ఉద్దేశాన్ని చెబుతుంది గాని ఫలితాన్ని చెప్పదు.

3. తత్త్వశాస్త్ర, న్యాయశాస్త్ర రచనల్లో 'ఆర్గ్యుమెంట్', 'రీజన్' వంటి నామవాచకాల ముందు ఇది ఒదుగుతుంది. సెలవు చీటీలో వాడకపోవడమే మేలని నా అభిప్రాయం.