నిపుణుడి సాక్ష్యం తప్పనిసరా?

ప్రశ్న: విశాఖలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేస్తుంటే మా అమ్మకు పైత్యనాళం తెగింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే డాక్టరు సాక్ష్యం కావాలా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ప్రతి కేసులోనూ అక్కర్లేదని 2010లో కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కడుపులో గుడ్డ మరిచిపోతే తప్పు దానంతటదే కనిపిస్తుంది. మీది అలా కాదు. ఎంత జాగ్రత్తపడ్డా ఈ గాయం కావచ్చని అవతలివాళ్లు వాదిస్తారు, అందులో కొంత నిజమూ ఉంది. నిపుణుడు కావాల్సిందే.

ముందు రాతపూర్వకంగా కేస్‌షీటు అడగండి. 72 గంటల్లో ఇవ్వాలి. ఆపరేషన్ నోట్సు మరో సర్జన్‌కు చూపించి అఫిడవిట్ తీసుకోండి. ‘నిర్లక్ష్యం జరిగింది’ అని ఊరికే రాస్తే చెల్లదు. నాళాన్ని సరిగ్గా గుర్తించకుండానే క్లిప్పు వేశారా, గాయాన్ని ఎప్పుడు కనిపెట్టారు, ఆలస్యంవల్ల ఏం నష్టం జరిగింది అన్నవి అందులో విడివిడిగా ఉండాలి. ఊళ్లో ఎవరూ ముందుకు రాకపోతే, కేజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రి నిపుణుల అభిప్రాయం తెప్పించమని కమిషన్‌నే కోరండి. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లే.