దారం, తక్కెడ, మీటరు: సొంతంగా యంత్రాలు కనిపెట్టేవారి ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం శక్తి, అంతరిక్షం, భద్రత గురించినవే. కొలతలు రాసి పంపినవారికి వివరంగా జవాబు ఇవ్వగలిగాం. బొమ్మ ఒక్కటే పంపినవారు దయచేసి బరువు, పొడవు, వేగం, కరెంటు లెక్కలు కూడా పంపండి.

ప్రశ్న: 12 ఓల్టుల, 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీతో డీసీ మోటారు నడుపుతున్నాను. మోటారు 20 కిలోల పోత ఇనుప ఫ్లైవీల్‌ను నిమిషానికి 3000 చుట్లు తిప్పుతుంది. చక్రం వ్యాసార్ధం 25 సెంటీమీటర్లు. బెల్టు ద్వారా అదే చక్రం కారు ఆల్టర్నేటర్‌ను తిప్పి బ్యాటరీని మళ్లీ చార్జి చేస్తుంది. 20 వాట్ల దీపం 6 గంటలు వెలిగింది. ఆపి, రాత్రంతా వదిలేసి చూస్తే బ్యాటరీ 12.7 నుంచి 12.2 ఓల్టులకు మాత్రమే దిగింది. ఇంకాస్త మెరుగుపరిస్తే అసలు దిగకుండా నడుస్తుందా?

జవాబు: ముందు ఆ చక్రాన్ని తిప్పడం ఆపండి. మీరు చెప్పిన వేగంలో దాని అంచు సెకనుకు 78 మీటర్లకు పైగా పరుగెత్తుతోంది. పోత ఇనుప చక్రాలకు అంచు వేగం సెకనుకు 30 మీటర్లు దాటకూడదన్నది పాత ఇంజినీర్ల కట్టుబాటు. పోత ఇనుము సాగదు. లోపల గాలి బుడగో, సన్నటి పగులో ఉంటే ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా ముక్కలవుతుంది. పైగా షాఫ్టు కోసం మధ్యలో రంధ్రం వేస్తే, ఎంత చిన్నదైనా సరే, అక్కడి ఒత్తిడి గట్టి బిళ్లతో పోలిస్తే సుమారు రెట్టింపవుతుంది. చక్రాన్ని షాఫ్టుకు బిగించే గాడి (కీవే) మూలలు దాన్ని ఇంకా పెంచుతాయి. ఆ చక్రంలో దాచి ఉన్న శక్తి దాదాపు 31,000 జౌళ్లు. అదే 20 కిలోల ముక్క 157 మీటర్ల ఎత్తునుంచి పడినట్టు లెక్క. పగిలితే ముక్కలు చక్రం తిరిగే తలంలోనే ఎగురుతాయి, పల్చటి రేకు కవచం వాటిని ఆపదు. చేసి తీరాలనుకుంటే ఉక్కు చక్రం వాడండి, బ్యాలెన్సు చేయించండి, మందపాటి ఉక్కు వలయంలో పెట్టి దూరం నుంచి స్విచ్చి వేయండి, ఆ తలంలో ఎవరూ నిలబడకుండా చూడండి.

ఇక లెక్క. ఆ 31,000 జౌళ్లంటే 8.6 వాట్ అవర్లు. నష్టాలేమీ లేకపోయినా మీ దీపం దాంతో 26 నిమిషాలు వెలుగుతుంది, అంతే. ఆరు గంటలూ వెలిగించింది బ్యాటరీయే. లెడ్ యాసిడ్ బ్యాటరీ తీరికగా ఉన్నప్పుడు 12.7 ఓల్టులంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం ఖాళీ అయినట్టు. మీరు "మాత్రమే" అని రాసిన ఆ అర ఓల్టే అసలు సంగతి. 1200 వాట్ అవర్లలో 600 ఖర్చయ్యాయి. దీపానికి పోయింది 120. మిగతా 480 మోటారు చుట్టల్లో, బేరింగుల్లో, బెల్టులో, గాలిని చిలకడంలో వేడిగా పోయాయి. మోటారు 80 శాతం, బెల్టు 95 శాతం, కారు ఆల్టర్నేటర్ 55 శాతం సామర్థ్యంతో పనిచేస్తాయనుకుంటే, మూడూ గుణిస్తే 42 శాతం. మోటారుకు 100 వాట్లు ఇస్తే 42 తిరిగొస్తాయి. ఎంత మెరుగుపరిచినా ఆ సంఖ్య 100కు చేరదు.

మీకు మీరే తేల్చుకోవాలంటే, చక్రాన్ని తీసేసి మోటారును నేరుగా ఆల్టర్నేటర్‌కు కట్టండి. యంత్రం వేగం అందుకున్నాక బ్యాటరీ తీగ విప్పేయండి. ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ కాలిపోకుండా ముందే సమాంతరంగా ఒక పెద్ద కెపాసిటర్ ఉంచండి. మిగులు శక్తి నిజంగా ఉంటే యంత్రం నడుస్తూనే ఉండాలి. కొందరు మీటరులో ఓల్టులు, ఆంపియర్లు చూసి గుణించి "బయటికి ఎక్కువ వస్తోంది" అని రాస్తున్నారు. ముక్కలుముక్కలుగా వచ్చే కరెంటును మామూలు మల్టీమీటరు సరిగా చదవదు. ఏసీలో పవర్ ఫ్యాక్టర్ (ఓల్టులు, ఆంపియర్ల లబ్ధంలో నిజంగా పనికొచ్చే వంతు) కలపకుండా గుణించినా తప్పే. వాట్ అవర్లు నేరుగా చూపే మీటరును బ్యాటరీ దగ్గరే పెట్టండి.

ప్రశ్న: పగలు సోలార్ కరెంటుతో టన్ను బరువు 10 మీటర్లు ఎత్తి, రాత్రి దింపుతూ కరెంటు తీస్తే బ్యాటరీ అవసరం ఉండదు కదా?

జవాబు: టన్ను బరువు 10 మీటర్లు ఎత్తితే దాగేది 98,100 జౌళ్లు, అంటే 27 వాట్ అవర్లు. ఒక ఫోను బ్యాటరీలో దాదాపు 15 ఉంటాయి. నష్టాలు పోను మీ టన్ను ఒక ఫోనును ఒకటిన్నర సార్లు చార్జి చేస్తుంది. నీటిని ఎత్తి దాచే పద్ధతి ఆనకట్టల దగ్గర పనిచేయడానికి కారణం అక్కడ లక్షల టన్నుల నీరు, వందల మీటర్ల ఎత్తు ఉండటమే.

ప్రశ్న: ఒకదానికొకటి ఎదురుగా తిరిగే రెండు ఎక్సెంట్రిక్ బరువులతో (ఇరుసు మధ్యకు కాక పక్కకు బిగించినవి) 3 కిలోల పరికరం చేశాను. బల్ల మీద ముందుకు జరుగుతుంది. తక్కెడ మీద పెట్టి ఆన్ చేస్తే 200 గ్రాములు తగ్గుతుంది. ఇంధనం వదలకుండా ఉపగ్రహాన్ని నెట్టడానికి ఇది పనికొస్తుందా?

జవాబు: ఈ ఆలోచన చాలామందికి వచ్చింది. 1959లో అమెరికాలో నార్మన్ డీన్‌కు ఇలాంటి యంత్రం మీదే పేటెంటు దొరికింది. పేటెంటు దొరకడం, యంత్రం పనిచేయడం ఒకటి కావు. బల్ల మీద జరగడానికి కారణం ఘర్షణ. బరువు నెమ్మదిగా ఒకవైపు వెళ్లేటప్పుడు పరికరం బల్లను పట్టుకుని ఉంటుంది, వేగంగా మరోవైపు వచ్చేటప్పుడు జారుతుంది. అంటే అది బల్లను నెడుతోంది. అంతరిక్షంలో బల్ల లేదు. తక్కెడ సంగతీ అంతే. అదిరే బరువును డిజిటల్ తక్కెడ సెకనుకు కొన్నిసార్లే చదివి సగటు చూపిస్తుంది. అదురు వేగం దానితో సరిపడకపోతే ఏ అంకెనైనా చూపించగలదు.

నమ్మదగ్గ పరీక్షకు దారం చాలు. పరికరాన్ని, బ్యాటరీని, రిమోట్ స్విచ్చిని ఒకే అట్టపెట్టెలో పెట్టి టేపుతో మూసేయండి. తెరిచి ఉంటే బరువులు ఫ్యానులా గాలిని తోస్తాయి. బయటినుంచి తీగలేవీ రాకూడదు, తీగ బిగువే తప్పుడు ఫలితం ఇస్తుంది. పెట్టె మెలితిరగకుండా 2 మీటర్ల పొడవున్న రెండు సమాంతర దారాలతో వేలాడదీయండి, బలం అడ్డంగా ఉండేలా పరికరాన్ని తిప్పి పెట్టండి. 200 గ్రాముల బలం నిజమైతే 3 కిలోల పెట్టె దాదాపు 13 సెంటీమీటర్లు పక్కకు ఒరిగి అక్కడే నిలవాలి. 2 మీటర్ల లోలకం నిమిషానికి సుమారు 21 సార్లు ఊగుతుంది కాబట్టి మోటారు వేగం ఆ దరిదాపుల్లో ఉండకూడదు, ఉంటే ఊపు దానంతటదే పెరిగిపోతుంది. ఆన్ చేసినప్పటి మొదటి కుదుపును లెక్కలోకి తీసుకోకండి. ఒక నిమిషం ఆగి, ఎడమ, కుడి కొసలు రెండూ గుర్తుపెట్టి సగటు తీయండి. తర్వాత పెట్టెను 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చేయండి. నిజమైన బలమైతే ఒరుగుదల అటువైపుకు మారాలి. మారకపోతే అది గాలో, వేలాడదీతలో వంకరో.

మూసిన లోహపు డబ్బాలో మైక్రోవేవ్‌లు నింపితే ఇంధనం వదలకుండానే బలం పుడుతుందన్న ఎమ్‌డ్రైవ్ కథలో కూడా ఇదే జరిగింది. 2016లో నాసా బృందం కిలోవాటుకు 1.2 మిల్లీన్యూటన్ల బలం వస్తోందని ప్రచురించింది. 2021లో జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మార్టిన్ తయ్‌మార్ బృందం ఇంకా జాగ్రత్తగా కొలిస్తే బలమేమీ కనిపించలేదు. వేడికి భాగాలు వ్యాకోచించడమే కొలతను కదిలించిందని తేలింది. తక్కువ ఇంధనంతో నెట్టడమే మీ కోరిక అయితే అయాన్ ఇంజిన్ల వైపు రండి. వాటిలో ఒక రకమైన హాల్ థ్రస్టర్ కిలోవాటుకు సుమారు 50 నుంచి 60 మిల్లీన్యూటన్లు ఇస్తుంది, కానీ జెనాన్ వాయువును వెనక్కి విసిరే ఇస్తుంది.

ప్రశ్న: రాకెట్‌ను బెలూన్‌తో 30 కిలోమీటర్లు ఎత్తి అక్కడినుంచి ప్రయోగిస్తే ఇంధనం చాలావరకు మిగలదా?

జవాబు: కక్ష్యలో నిలవడానికి కావలసింది ఎత్తు కన్నా వేగం. తక్కువ ఎత్తు కక్ష్యకు సెకనుకు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. ఆ వేగంలో ఒక్కో కిలోకు 30 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. 30 కిలోమీటర్ల ఎత్తు ఇచ్చేది కిలోకు 0.3 మెగాజౌల్, అంటే నూటికి ఒక వంతు. గాలి రాపిడి తగ్గడం, పొడవైన నాజిల్ వాడగలగడం మాత్రం నిజమైన లాభాలే. 1952లో జేమ్స్ వాన్ ఆలెన్ బృందం ఆర్కిటిక్ ప్రాంతంలో ఓడ మీదినుంచి బెలూన్లు వదిలి చిన్న రాకెట్లను ఇలాగే ప్రయోగించింది. అవి పైకి వెళ్లి కిందికి వచ్చేవే, కక్ష్యకు చేరేవి కావు. హీలియం ఘనమీటరుకు సుమారు కిలో ఎత్తుతుంది. 10 టన్నుల రాకెట్‌కు నేల మీదే 10,000 ఘనమీటర్లు కావాలి, 30 కిలోమీటర్ల దగ్గర అది అరవై రెట్లకు పైగా ఉబ్బుతుంది. అంత పెద్ద సంచిని గాలి ఎటు తీసుకెళితే అటు వెళ్తుంది, దాని కింద ఊగే రాకెట్‌ను గురిపెట్టడం ఇంకో కష్టం.

ప్రశ్న: వంటగ్యాసు లీకైతే పసిగట్టి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, వాల్వు మూసే పరికరం చేశాను. ఎంక్యూ-6 గ్యాసు సెన్సర్, మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాంతో నడిచే చిన్న చిప్పు), రిలే (అయస్కాంతంతో కదిలే స్విచ్చి), నీటి పైపులకు వాడే సోలినాయిడ్ వాల్వు (విద్యుదయస్కాంతంతో పనిచేసేది) ఉన్నాయి. ప్రదర్శనలో పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ఫ్యాను తీసేయండి. గ్యాసు కమ్ముకున్న గదిలో రిలే పలకలు కలిసినప్పుడు వచ్చే నిప్పురవ్వ చాలు, మీ పరికరమే పేలుడు పుట్టిస్తుంది. గ్యాసు ఉన్నప్పుడు స్విచ్చి వేయకూడదు, ఉన్నది ఆపకూడదు. గంట మోగించి, వాల్వు మూయడంతో ఆగండి. వాల్వును రిలేతో కాకుండా నిప్పురవ్వ లేకుండా స్విచ్చిలా పనిచేసే ట్రాన్సిస్టర్ అయిన లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్‌తో నడపండి, కాయిల్‌కు అడ్డంగా డయోడు మరవకండి.

నీటి వాల్వు పనికిరాదు. వాటిలో చాలావాటికి లోపలి రబ్బరు పొర (డయాఫ్రం) కదలాలంటే 0.3 నుంచి 0.5 బార్ ఒత్తిడి కావాలి. రెగ్యులేటర్ దాటాక వంటగ్యాసు ఒత్తిడి దాదాపు 30 మిల్లీబార్లే. రబ్బరు కూడా గ్యాసుకు తగినది కాకపోవచ్చు. గ్యాసుకు పనికొస్తుందని ముద్ర ఉన్న, ఒత్తిడి సాయం లేకుండా కాయిలే నేరుగా తెరిచే డైరెక్ట్ యాక్టింగ్ రకం వాల్వు తెచ్చి రెగ్యులేటర్‌కు వీలైనంత దగ్గర పెట్టండి. అది కరెంటు ఉంటేనే తెరుచుకునే రకం కావాలి. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో చేసిన మొదటి రైలు బ్రేకులో గాలి ఒత్తిడితో బ్రేకు పడేది, గొట్టం తెగితే బ్రేకే లేదు. 1872లో దాన్ని తిరగేశాడు. ఒత్తిడి ఉన్నంతసేపు బ్రేకు వదిలి ఉంటుంది, గొట్టం తెగితే దానంతటదే పడుతుంది. మీ వాల్వూ అలాగే ఉండాలి.

మైక్రోకంట్రోలర్ బిగుసుకుపోయి పిన్ను ఆన్‌లోనే ఉండిపోతే? అందుకని పిన్నునుంచి నిలకడ ఓల్టేజీ కాకుండా సెకనుకు వెయ్యి పల్సులు పంపండి. 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, రెండు షాట్కీ డయోడ్ల ద్వారా అవి 47 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను నింపాలి. దానికి అడ్డంగా 100 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి మాస్‌ఫెట్ గేటుకు కలపండి. పల్సులు ఆగిన మూడు నాలుగు సెకన్లలో వాల్వు మూసుకుంటుంది. పల్సులు పుట్టించే పని టైమర్‌కు అప్పగించకండి, ప్రోగ్రాం ఆగినా టైమర్ కొడుతూనే ఉంటుంది. సెన్సర్‌ను చదివే లూపులోనే పిన్నును మార్చండి.

సెన్సర్ నేలకు 30 సెంటీమీటర్లలోపు ఉండాలి. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. సెన్సర్‌లోని హీటర్ తెగిపోతే అది "గ్యాసు లేదు" అన్నట్టే చదువుతుంది. ఇది అతి ప్రమాదకరమైన లోపం. హీటర్ 5 ఓల్టుల దగ్గర సుమారు 160 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. ఆ దారిలో 1 ఓమ్ రెసిస్టర్ పెట్టి, ఓల్టేజీ పడిపోతే గంట మోగేలా, వాల్వు మూసుకునేలా రాయండి. గ్యాసు అంటుకోవడానికి గాలిలో దాదాపు 2 శాతం ఉండాలి. అందులో పదో వంతు, అంటే 0.2 శాతం దగ్గరే గంట మోగాలి. సిగరెట్ లైటర్ గ్యాసు వదిలితే సెన్సర్ బతికుందో లేదో తెలుస్తుంది గానీ ఆ 0.2 శాతం తెలియదు. దానికి గాఢత ముద్రించిన క్యాలిబ్రేషన్ గ్యాసు వాడాలి. కొత్త సెన్సర్‌ను కనీసం ఒక రోజంతా వేడెక్కనిచ్చాక అంకెలు తీయండి. దగ్గర్లో సిలికోన్ సీలెంటు వాడకండి, దాని ఆవిరి సెన్సర్‌ను పాడుచేస్తుంది.

ఇంకొక్కటి. కరెంటు పోయి పొయ్యి ఆరిపోయింది, నాబ్ తెరిచే ఉంది. కరెంటు వచ్చాక వాల్వు దానంతటదే తెరుచుకుంటే పచ్చి గ్యాసు గదిలోకి వస్తుంది. కాబట్టి మళ్లీ తెరవడానికి మనిషి బొత్తాం నొక్కాలి. ప్రదర్శనలో చూపించవలసింది కూడా ఇదే: పొయ్యి వెలుగుతుండగా ప్లగ్గు లాగండి, మంట ఆరాలి. ప్లగ్గు పెట్టండి, నాబ్ దగ్గర గ్యాసు రాకూడదు.

ప్రశ్న: ఆ ప్రదర్శనకు ముందే పేటెంటు దరఖాస్తు వేయాలా?

జవాబు: వేయండి. దరఖాస్తుకు ముందే నలుగురికీ చూపిస్తే చాలా దేశాల్లో కొత్తదనం పోయినట్టే లెక్క. కొన్ని దేశాలు కొంత గడువు ఇస్తాయి, అన్నీ ఇవ్వవు. 1883 పారిస్ ఒప్పందం ప్రకారం మొదటి దరఖాస్తు వేసిన నాటినుంచి 12 నెలల్లో ఇతర సభ్య దేశాల్లో వేసినా మొదటి తేదీయే చెల్లుతుంది. మీ పరికరంలో గ్యాసు పసిగట్టడం కొత్త కాదు. హీటర్ కరెంటును, పల్సు సంకేతాన్ని, చేత్తో తెరిచే బొత్తాన్ని కలిపి వాల్వును అదుపు చేసే తీరులో కొత్తదేమైనా ఉంటే దాన్నే క్లెయిములుగా (హక్కు కోరే అంశాలుగా) రాయండి, సర్క్యూటు బొమ్మ, భాగాల విలువలు, పరీక్షలో వాల్వు మూసుకోవడానికి పట్టిన సెకన్లతో సహా.