ఆసుపత్రి ఫ్లోరింగ్ పని చేపట్టిన మేనకోడలికి

చిరంజీవి చిట్టితల్లికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

విజయవాడలో కడుతున్న ఆసుపత్రికి డిజైన్ దశ మొదలుకొని అప్పగింత దాకా ఫ్లోరింగ్ సమన్వయమంతా నీవే చూడబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇన్నాళ్లూ ఆఫీసులో డ్రాయింగులు గీసిన పిల్ల ఆర్కిటెక్టునూ, మేస్త్రీలనూ, యాజమాన్యాన్నీ ఒక్క తాటిమీద నడిపించబోతున్నదంటే గర్వపడ్డాను, ఆ వెంటనే భయపడ్డాను కూడా. ఫ్లోరింగ్ భవనంలో దాదాపు చివర వచ్చే పని. ముందు వాళ్లు చేసిన ఆలస్యమంతా మన రోజుల్లోంచే కోత పడుతుంది, ప్రారంభోత్సవం ముహూర్తం మాత్రం ఒక్క రోజు కూడా వెనక్కి జరగదు.

కొలతలు డ్రాయింగు చూసి కాక సైటులో తీసుకోవడం, ఏ గదికి ఏ ఫ్లోరింగో పట్టిక వేయడం, ఒక నమూనా గది పూర్తి చేయించి ఆర్కిటెక్టు చేత సంతకం పెట్టించడం నీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోను. టైల్స్ గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి కాబట్టి ఒక అంతస్తుకు కావలసినదంతా, విరిగిపోయేవాటికీ భవిష్యత్తు మరమ్మతుకూ కలిపి, ఒకే బ్యాచ్‌లో తెప్పించు. పెట్టెల మీద షేడ్ నంబరు లారీ దగ్గరే సరిచూడు. తర్వాత తక్కువైన పది పెట్టెలకు అదే రంగు ఎవరూ ఇవ్వలేరు.

మట్టాల విషయం మాత్రం కాస్త ఓపికగా చదువు. ఆపరేషన్ థియేటర్‌లో రెండు మిల్లీమీటర్ల మందం వినైల్ అనే ప్లాస్టిక్ షీటు, బయటి కారిడార్‌లో విట్రిఫైడ్ టైల్, లిఫ్టు ముందు చీమకుర్తి నల్ల గ్రానైట్ వేస్తారు. మూడింటికీ కింద పట్టే మందం వేరువేరు, పైన మట్టం మాత్రం ఒక్కటే కావాలి, ఎందుకంటే స్ట్రెచర్ చక్రం చిన్న మెట్టు ఎక్కినా ఆ కుదుపు ఆపరేషన్ అయిన మనిషి కుట్లకు తగులుతుంది. లిఫ్టు వాళ్లు మనకోసం ఆగకుండా, ఎవరో చెప్పిన మట్టం పట్టుకుని తమ గడప బిగించేసి వెళ్లిపోతారు. ఆ మట్టం వాళ్లకు ఎవరు చెప్పారో, ఏ కాగితం మీద చెప్పారో ఈ వారంలోనే కనుక్కో. థియేటర్‌లో వేసేది స్థిర విద్యుత్తును నేలలోకి దింపే కండక్టివ్ వినైల్ కనుక దాని కింద రాగి పట్టీ పరిచి ఎర్తింగ్‌కు కలపాలి. ఆ పాయింటు ఎలక్ట్రికల్ డ్రాయింగులో లేకపోతే రంగులు వేసిన గోడను మళ్లీ పగలగొట్టించవలసి వస్తుంది.

ఈ ఉత్తరం నిజానికి రాస్తున్నది తేమ గురించి. నేను వినైల్ వేసే బృందాన్ని చూసుకునే రోజుల్లో, కోస్తాలోని ఒక పట్టణంలో ఇలాంటి ఆసుపత్రి పనే వచ్చింది. కింది అంతస్తులో నేల మీదే పోసిన స్లాబు. దాని కింద పాలిథిన్ షీటు పరిచారో లేదో ఎవరి దగ్గరా రికార్డు లేదు. పైన 50 మిల్లీమీటర్ల స్క్రీడ్, అంటే ఫ్లోరింగ్ కింద మట్టం కోసం వేసే సిమెంటు ఇసుక పొర, పోసి, వారంపాటు నీళ్లు నిలిపి క్యూరింగ్ చేసి, 28 రోజులు నిండాయి కనుక గట్టిపడిందని చెప్పి మాకు అప్పగించారు. గట్టిపడిన మాట నిజమే, కానీ ఆరలేదు. మంచి గాలి ఆడే పొడి వాతావరణంలో స్క్రీడ్ రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు మందం చొప్పున ఆరుతుందని లెక్క వేస్తాం, అదీ క్యూరింగ్ నీళ్లు తీసేసిన నాటినుంచి. మందం 50 మిల్లీమీటర్లు దాటితే ఆ పాటి వేగం కూడా ఉండదు. అక్కడేమో శ్రావణమాసపు ముసురు, కిటికీలకు ఇంకా అద్దాలు లేవు.

ఆ ప్రాజెక్టులో ఇప్పుడు నీవు కూర్చోబోయే కుర్చీలో ఒక కుర్రాడు ఉండేవాడు. పని తెలిసినవాడు, మర్యాదస్తుడు. ఇంకా తడి ఉన్నదని మీటింగులో అతడు చెప్పాడు. ప్రాజెక్టు మేనేజరు తేమ మీటరు తెప్పించి, పై పొరకు ఆనించి, ఆరిపోయింది చూడమన్నాడు. ప్రారంభోత్సవం తేదీ ఖాయమైందని యాజమాన్యం అన్నది. అంత పెద్దవాళ్ల ముందు అతడు రెండోసారి నోరు విప్పలేదు. వినైల్ వేశాం, అతుకులు వెల్డింగ్ చేశాం, అద్దంలా ఉన్నదని అందరూ మెచ్చుకున్నారు.

ఆసుపత్రి తెరిచి ఏసీలు వేయగానే గదుల్లో గాలి పొడిబారి, అడుగున ఉన్న తేమ పైకి రావడం మొదలుపెట్టింది. వినైల్ ఆవిరిని బయటికి పోనివ్వదు కనుక ఆ తేమ సిమెంటులోని క్షారాన్ని వెంటబెట్టుకుని వచ్చి జిగురును మెత్తబరిచింది. కొన్ని నెలలకే కారిడార్ పొడవునా బుడగలు లేచాయి, అతుకులు విచ్చుకున్నాయి, రోగుల బంధువులు కూడా ముక్కు మూసుకునేంత వాసన వచ్చింది. ఒక్కొక్క వార్డు ఖాళీ చేయించుకుంటూ రాత్రిపూట అదంతా పీకవలసి వచ్చింది. బాధ్యత ఎవరిదని తేల్చే రోజున మీటింగులో మాట్లాడినవి రాసుకున్న మినిట్స్ తీసి చూస్తే కుర్రాడు చెప్పిన మాట ఒక్క లైను కూడా లేదు. ఫ్లోరింగ్ కోసం స్థలం స్వీకరించినట్టు రాసిన కాగితం మీద మాత్రం అతని సంతకం చక్కగా ఉంది. మేనేజరు ఆ సంస్థలోనే పైకి వెళ్లాడు, కుర్రాడి ఉద్యోగం పోయింది.

చిన్నప్పుడు నీ పలక పగలగొట్టినవాడి పేరు మాస్టారికి చెప్పలేక నీవే దెబ్బలు తిన్న సంగతి మీ అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ మెతకతనం బంధువుల్లో బాగుంటుందేమో గాని సైటులో పనికిరాదు, తల్లీ. కోప్పడుతున్నానని అనుకోకు. గొంతు పెంచమని నేను అనడం లేదు. నీవు నెమ్మదిగానే మాట్లాడు, కానీ మాట్లాడిన సాయంత్రమే అదే మాటను మెయిల్‌లో పెట్టి, మెయిన్ కాంట్రాక్టరుకూ ఆర్కిటెక్టుకూ యాజమాన్యానికీ ముగ్గురికీ పంపు.

స్లాబులూ స్క్రీడ్‌లూ పోసిన తేదీ, క్యూరింగ్ ఆపిన తేదీ, అద్దాలు బిగించిన తేదీ గదివారీగా రాసి ఉంచు. పై పొరకు మీటరు ఆనించి చూపే అంకెను లెక్కలోకి తీసుకోకు. ఒక్క వైపునుంచే ఆరే స్లాబుకు మందంలో 40 శాతం లోతున రంధ్రం చేసి, గొట్టం దింపి, మూత పెట్టి, లోపలి గాలి కుదుటపడ్డాక సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ గాలిలోని తేమ శాతం, కొలవాలి. చాలా వినైల్‌లకు 75 శాతం దాటకూడదంటారు, అయినా నీవు వేసే సరుకుకూ జిగురుకూ తయారీదారు ఇచ్చిన పరిమితే నీకు ప్రమాణం. ఆరేదాకా ఆగే వ్యవధి లేదంటే పైన ఎపాక్సీ తేమ నిరోధక పూత వేయించవచ్చు. దానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరిదో పని మొదలుకాకముందే ఒప్పందంలో రాయించు. ఇవేవీ కుదరకపోతే స్థలం స్వీకరించే కాగితం మీద సంతకం పెట్టకు. ఉద్యోగం పోతుందని బెదిరిస్తే మా ఇంటికి వచ్చెయ్యి, ఇంకోటి వెతుక్కునేదాకా ఇక్కడే ఉందువు గాని.

ఇంకొక్క భయం నాది, దీన్ని చాదస్తమనుకున్నా సరే. గ్రానైట్‌ను పొడిగా కోయనివ్వకు. నాపరాయి కంటే గ్రానైట్‌లో సిలికా, అంటే ఇసుకలో ఉండే ఖనిజం, చాలా ఎక్కువ. ఆ సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బయటికి రాదు. నాతో పనిచేసిన రాయి మేస్త్రీల్లో కొందరు చివరి రోజుల్లో నాలుగు మెట్లు ఎక్కలేక కూర్చుండిపోవడం చూశాను. రిసెప్షన్ బల్లకు క్వార్ట్జ్ పొడిని రెసిన్‌తో అతికించి చేసే కృత్రిమ రాతి పలక పెడతామంటే అందులో సిలికా ఇంకా ఎక్కువ ఉంటుందని గుర్తుంచుకో. 2024 జూలై నుంచి ఆస్ట్రేలియాలో ఆ కృత్రిమ రాయి వాడకాన్నే నిషేధించారు. కోత యంత్రానికి నీటి ధార ఉండాలని, మంచి మాస్కులు ఇవ్వాలని వర్క్ ఆర్డర్‌లోనే రాయించు. మేస్త్రి మాస్కు తీసి జేబులో పెట్టుకుంటే నీవే అడుగు. వయసులో పెద్దవాడైనా ఆడపిల్ల అడిగితే కాదనడు.

నీ గదుల పట్టిక ఒక ప్రతి నాకు పంపు, అయితే లిఫ్టు గడపల మట్టాలు అందులో ఎక్కించాకే పంపు. సైటుకు చెప్పులతో వెళ్లవద్దనీ, బూట్లు కొనుక్కోమనీ అత్తయ్య పక్కనుంచి చెబుతున్నది.

ఇట్లు,
మామయ్య